సోఫా ఫోషాన్‌ది, స్టాంపు బేగంపేటది

ప్రశ్న: గచ్చిబౌలిలో మాకు 42 గదుల హోటల్ ఉంది. బేగంపేటలో ఆఫీసు ఉన్న ఒక ఏజెంటు ద్వారా చైనాలోని ఫోషాన్ ఫ్యాక్టరీ నుంచి 58 సోఫాలు తెప్పించాం. ముందు ఒక శాంపిల్ పంపారు. బాగుందని ఆర్డర్ ఇచ్చాం. ఆ శాంపిల్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. 30 శాతం అడ్వాన్సు, మిగతాది ఓడ ఎక్కించే ముందే కట్టేశాం. ఎనిమిది నెలలకే రెక్సిన్ పొరలుగా లేచిపోతోంది, కూర్చుంటే స్పాంజి దిగిపోతోంది. ఫ్యాక్టరీవాళ్లు ‘మీ ఊరి తేమ’ అంటున్నారు. ఏజెంటు ‘నేను మధ్యవర్తినే’ అంటున్నాడు. కన్స్యూమర్ కేసు వేయవచ్చా? విజయవాడలో ఇంకో హోటల్ తెరుస్తున్నాం, ఈసారి ఏం జాగ్రత్త పడాలి?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కన్స్యూమర్ కేసు ఆలోచన మానుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారు. హోటల్‌కు 58 సోఫాలంటే వ్యాపారం కాదని ఏ కమిషన్ ముందూ నిలబెట్టలేం.

మీకు పనికొచ్చేది 1930 నాటి వస్తు విక్రయ చట్టం. శాంపిల్ చూపి అమ్మితే మొత్తం సరుకు ఆ శాంపిల్‌లాగే ఉండాలి, మామూలుగా పరీక్షిస్తే బయటపడని లోపం కూడా ఉండకూడదు అంటుంది 17వ సెక్షన్. కొనేవాడు ఫలానా పనికి అని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే సరుకు ఆ పనికి తగ్గట్టు ఉండాలన్నది 16వ సెక్షన్. మీరు శాంపిల్ చూసే కొన్నారు, మీరు నాకు పంపిన ఫ్యాక్టరీ ఇన్‌వాయిస్‌లో ‘హోటల్ వాడకానికి’ అని కూడా ఉంది కాబట్టి ఈ రెండూ మీకు వర్తిస్తాయి. అయితే ఎనిమిది నెలలు వాడాక సోఫాలు వాపసు తీసుకోమనే హక్కు మిగలదు. 59వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగాల్సిందే. గడువు మూడేళ్లు. సరుకు చేతికొచ్చిన రోజు నుంచే లెక్క పెట్టుకోండి, ఆఖరి నెల దాకా ఆగకండి.

ఇక తేమ సంగతి. ఫోషాన్ దక్షిణ చైనాలో ఉంది. అక్కడి ఉక్క ముందు మన హైదరాబాద్ పొడిగాలి ఏపాటిది? చవక పీయూ (పాలీయూరిథేన్) రెక్సిన్‌ తేమకు విరిగి పొరలు పొరలుగా ఊడే మాట నిజమే. దాన్ని హైడ్రాలిసిస్ అంటారు. కానీ హోటల్‌కని తెలిసీ అలాంటి రెక్సిన్ వేశారంటే తప్పు వాళ్లదే. ఈ కేసులో మీకున్న గట్టి సాక్షి మీ ఇంట్లోని శాంపిలే. పిల్లల్ని దాని మీద ఎగరనివ్వకుండా గుడ్డ కప్పి పక్కన పెట్టించండి. శాంపిల్ నుంచీ, పాడైన వాటిలో రెండు మూడింటి నుంచీ రెక్సిన్, స్పాంజి ముక్కలు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ముక్కలు తీసేటప్పుడు రమ్మని ఏజెంటుకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. రాకపోయినా మీకే మేలు. పాడైన సోఫాలు బాగుచేయించి వాడుకోవచ్చు, కానీ ముందు ఫొటోలు, వీడియోలు తీసి కొన్నింటిని అలాగే ఉంచండి. చాట్‌లు ఉన్న ఫోన్ మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకపోతే వాటి ప్రింట్లు కోర్టులో చెల్లవు.

దావా ఎవరి మీద వేయాలన్నదే అసలు సమస్య. ఫ్యాక్టరీ ఇన్‌వాయిస్‌లో వివాదాల గురించి ‘స్నేహపూర్వకంగా పరిష్కరించుకోవాలి’ అన్న ఒక్క ముక్కే ఉంది, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట తీర్పరితో తేల్చుకోవడం) ఊసే లేదు. హైదరాబాద్ కమర్షియల్ కోర్టులో దావా వేయవచ్చు. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ కింద మీడియేషన్‌కు, అంటే రాజీ ప్రయత్నానికి, వెళ్లడం తప్పనిసరి. చైనాకు సమన్లు పంపడానికే నెలలు పడుతుంది, ఇక్కడి డిక్రీని అక్కడ అమలు చేయించడం దాదాపు అసాధ్యం. అలా గెలిచిన డిక్రీలు బీరువాల్లో ఉండిపోవడం నేను చూశాను.

అందుకే నా చూపు బేగంపేట మీద. 1872 కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఏజెంటు సొంతంగా బాధ్యుడు కాడు. కానీ విదేశీ వర్తకుడి తరఫున సరుకు అమ్మిన ఏజెంటు సొంత బాధ్యత ఒప్పుకున్నాడనే చట్టం భావిస్తుంది, కాదని చూపించే భారం అతనిదే. ఆర్డర్ కన్ఫర్మేషన్ ఏజెంటు లెటర్‌హెడ్ మీద ఉంది, కింద అతని స్టాంపే ఉంది. ‘డబ్బు నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లింది, ఒప్పందం వాళ్లతోనే’ అని అతను వాదిస్తాడు. ఆ వాదనకు కొంత బలం లేకపోలేదు. అయినా మొదటి నోటీసు అతనికే ఇవ్వండి, దావాలో ఇద్దరినీ పెట్టండి. ఆస్తులు ఇక్కడ ఉన్నవాడు రాజీకి త్వరగా వస్తాడు.

విజయవాడ ఆర్డర్‌కు వద్దాం. ‘కమర్షియల్ గ్రేడ్’, ‘హెవీ డ్యూటీ’ లాంటి మాటలకు చట్టంలో కొలత లేదు, అంకెలు రాయించుకోండి: స్పాంజి సాంద్రత ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు, ఫ్యాబ్రిక్ అయితే మార్టిన్‌డేల్ రాపిడి పరీక్షలో ఎన్ని రబ్స్ (హోటళ్లకు 30 వేల పైన అడగడం మామూలు), రెక్సిన్ అయితే ఎన్ని వారాల హైడ్రాలిసిస్ పరీక్ష, ఫ్రేము ఏ కట్టె, అందులో తేమ ఎంత శాతం. నిప్పంటుకోవడం గురించి ఐఎస్ 15768 అనే ప్రమాణం ఉంది, అది ఇళ్లకు కాదు, హోటళ్ల లాంటి చోట్ల ఫర్నిచర్‌కు. దాని మీద, ఫర్నిచర్ మీద కేంద్రం క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్లు (ప్రమాణాన్ని తప్పనిసరి చేసే ఉత్తర్వులు) తెచ్చింది, అమలు తేదీలు వాయిదా పడుతూ వచ్చాయి. అవి మీ సరుకుకు వర్తిస్తాయో లేదో అడ్వాన్సు కట్టకముందే కస్టమ్స్ బ్రోకర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఒప్పందం మీద ఫ్యాక్టరీ చైనీస్ పేరు, దాని కంపెనీ ముద్ర ఉండాలి. అక్కడ ఇంగ్లీషు పేరుకు రిజిస్ట్రేషన్ విలువ లేదు, ముద్రదే విలువ. డబ్బు ఇంకో పేరున్న ఖాతాకు పంపమంటే అక్కడే ఆగిపోండి. ఆర్బిట్రేషన్ క్లాజు తప్పకుండా పెట్టండి, సింగపూర్‌లో గానీ, మన ఊళ్లోనే 2021లో మొదలైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం (ఐఏఎంసీ)లో గానీ. కోర్టు డిక్రీ చైనాలో అమలు కాకపోయినా ఆర్బిట్రేషన్ అవార్డు (తీర్పరి ఇచ్చే తీర్పు) అమలవుతుంది, రెండు దేశాలూ 1958 న్యూయార్క్ ఒప్పందంలో ఉన్నాయి. ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, కాగితాలు సరిగా ఉంటే డబ్బు చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) ద్వారా కడితే ఒక్కటి గుర్తుంచుకోండి: బ్యాంకు చూసేది కాగితాలనే, సోఫాలను కాదు. కాబట్టి మీరు నియమించిన తనిఖీ సంస్థ సర్టిఫికెట్ కూడా ఆ కాగితాల్లో ఉండాలని ఎల్‌సీలోనే రాయించండి. సోఫా కుట్టేయక ముందే లోపలి ఫ్రేమూ స్పాంజీ ఆ తనిఖీవాళ్లు చూడాలి.

కంటైనర్ రాగానే విప్పి చూడండి. లోపం ఉంటే, వాడని సరుకును 30 రోజుల్లోపు తిప్పి పంపితే కట్టిన దిగుమతి సుంకం వాపసు అడగడానికి కస్టమ్స్ చట్టం 26ఏ సెక్షన్ వీలిస్తుంది. హోటల్ ప్రారంభోత్సవం తేదీ చూసుకుని గోడౌన్‌లో పడేస్తే ఆ రోజులు అక్కడే కరిగిపోతాయి.