సైకిల్ ముచ్చట్లు: మూసీకి ఎదురుగా

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఎన్ని కిలోమీటర్లు తొక్కగలిగితే ఫలానా చోటికి వెళ్లొచ్చు?" కిలోమీటర్లు సగం సంగతే చెబుతాయి. ఎక్కుడు (మిట్ట ఎక్కే దారి) ఎంత, గాలి ఎటు, ఎండ ఎప్పుడు అన్నవి మిగతా సగం. అందుకే ఈసారి జవాబుల్లో దూరం కన్నా వాటి గురించే ఎక్కువ రాశాను.

నాకు 54 ఏళ్లు. షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. స్కూలు రోజుల తర్వాత సైకిల్ ముట్టుకోలేదు. మా అబ్బాయి ఏడు గేర్ల సైకిల్ కొనిచ్చాడు. దాని మీద గండిపేట చెరువు దాకా వెళ్లాలని కోరిక. ఎలా మొదలుపెట్టాలమ్మా?
– ఒక పాఠకుడు, అత్తాపూర్

అన్నా, మీ అబ్బాయి మంచి పని చేశాడు. అయితే మొదటి రోజే గండిపేటకు బయల్దేరకండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సైకిల్ ట్రాక్ ఉంది. తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. నార్సింగి దగ్గర ఎక్కి నాలుగు కిలోమీటర్లు పోయి, నాలుగు రండి. రెండు వారాలు అంతే చాలు. వెనక నుంచి లారీ హారన్ కొడుతుందన్న టెన్షన్ లేకుండా గేర్లు మార్చడం, బ్రేకు వేయడం అక్కడ చేతికి అలవాటవుతాయి.

ఎక్కే ముందు సీటు చూసుకోండి. పెడల్ పూర్తిగా కింద ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. కాలు నేలకు పూర్తిగా ఆనాలని చాలామంది సీటు బాగా కిందికి దించేస్తారు. దాంతో మోకాళ్లు నొప్పి పుడతాయి, నెలలోపే సైకిల్ బాల్కనీలో బట్టలు ఆరేసే స్టాండైపోతుంది. మీ సైకిల్‌కి ఆ గతి పట్టకూడదు.

షుగర్ మాత్రల సంగతి ముందు మీ డాక్టరుగారితో మాట్లాడండి. కొన్ని మాత్రలతో వ్యాయామం చేసేటప్పుడు షుగర్ బాగా పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి. చేతులు వణికినా, చల్లటి చెమట పట్టినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి నోట్లో వేసుకోండి. ఇంకాస్త దూరమే కదా అని తొక్కొద్దు.

నెల గడిచాక ఒక ఆదివారం తెల్లవారకముందే గండిపేటకు కదలండి. 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ అలాంటిది రాకుండా కట్టిన చెరువు అది. 1920లో పూర్తయింది. ఏడున్నరకల్లా ఇంటికి తిరిగి వచ్చేలా చూసుకోండి. ఆ తర్వాత కార్లు మొదలవుతాయి. గండిపేట సులువనిపిస్తే ఆ పై నెల చిలుకూరు బాలాజీ దర్శనం చేసుకోండి. ప్రదక్షిణలకు కూడా కాళ్లలో కాస్త సత్తువ మిగుల్చుకోవాలి మరి.

అక్కా, నేనూ మా ఆవిడా ఆరు నెలలుగా ఆదివారాలు 40 కిలోమీటర్లు తొక్కుతున్నాం. అనంతగిరి కొండలకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలమా?
– ఒక పాఠకుడు, మియాపూర్

రాలేరు తమ్ముడూ. వచ్చినా ఆ రోజు మీకు సంతోషంగా గుర్తుండదు. వికారాబాద్ దాదాపు 75 కిలోమీటర్లు, అనంతగిరి ఇంకో ఆరు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీరు వెళ్తున్నది మూసీ పుట్టిన చోటికి. నీళ్లు అక్కణ్నుంచి మన హైదరాబాద్‌కి దిగి వస్తున్నాయంటే, మీరు పోయేదారి మొత్తమ్మీద ఎక్కుడే కదా. కంటికి అలా కనపడదు. చిన్న మిట్ట, చిన్న పల్లం, మళ్లీ కాస్త పెద్ద మిట్ట. మొయినాబాద్ దాకా హాయిగా ఉంటుంది. చేవెళ్ల దాటాక "ఏంటి, రోడ్డు సమంగానే ఉంది కదా, ఎందుకు కదలడం లేదు?" అనిపిస్తుంది. నిజానికి రోడ్డు సమంగా లేదు.

దానికి గాలి తోడవుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి పడమటి నుంచి. పోయేటప్పుడు ముఖం మీద కొడుతుంది, వచ్చేటప్పుడు వీపు తడుతుంది. అలసిపోయి వచ్చేవాళ్లకు ఇదే మేలు. చలికాలంలో తూర్పు గాలి ఎక్కువ. పోవడం తేలిక, రావడమే కష్టం. డిసెంబరులో "ఇంత సులువా!" అంటూ పోయి, తిరిగి వచ్చేటప్పుడు డీసీఎం వ్యానులో సైకిల్ వేసుకొచ్చిన వాళ్లను నాకు తెలుసు.

అందుకని రెండు రోజులు పెట్టుకోండి. దానికి ముందు మూడు ఆదివారాలు నార్సింగి – శంకర్‌పల్లి – చేవెళ్ల – మొయినాబాద్ చుట్టు తొక్కండి. 80 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మూడోసారి ఇంటికొచ్చాక మెట్లెక్కి, స్నానం చేసి, మామూలుగా కబుర్లు చెప్పుకోగలిగితే మీరు అనంతగిరికి సిద్ధమైనట్టే.

మీరు పోయే ఈ బీజాపూర్ రోడ్డు మీద లారీలు, టిప్పర్లు ఎక్కువ. తెల్లవారుజామునే మొయినాబాద్ దాటేయండి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూ ఉండాలి. ఇద్దరూ పక్కపక్కన కబుర్లాడుతూ తొక్కొద్దు, ఒకరి వెనక ఒకరు వెళ్లండి. చేవెళ్ల దారి మర్రిచెట్ల కింద మాత్రం తప్పకుండా ఆగండి. రోడ్డు వెడల్పు చేస్తూ వాటిని కొట్టేయకూడదని ఎంతోమంది ఏళ్ల తరబడి కొట్లాడారు. ఎండలో ముప్పై కిలోమీటర్లు తొక్కి వచ్చి ఆ నీడలోకి దూరిన క్షణాన, ఆ కొట్లాట ఎందుకో ఒంటికే అర్థమవుతుంది.

ఇక చివరి ఘాట్. నా మొదటిసారి సంగతి చెబుతాను. వానాకాలం. వికారాబాద్ దాటి ఎక్కుడు మొదలైంది. నేను పెద్ద గేరులోనే ఉన్నాను. సగం ఎక్కాక కాళ్లు ఆగిపోతుంటే, బలమంతా పెట్టి తొక్కుతూనే గేరు మార్చాను. కటుక్కుమంది. చైన్ ఊడి పెడల్ పళ్ల చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంది. పావుగంట పీకాను. చేతులు మోచేతుల దాకా నలుపు. రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చే పెద్దమ్మ చూసి, పొయ్యిలోంచి గుప్పెడు చల్లారిన బూడిద తీసి నా అరచేతుల్లో పోసింది. "దీంతోటి రుద్దు బిడ్డా, పోతది" అంది. నిజంగానే పోయింది. ఆ తర్వాత చేతిలో వేడివేడి కంకి పెట్టింది. పైసలు తీసుకోలేదు.

ఆ రోజు నేర్చుకున్నది మీకు చెబుతున్నాను: ఎక్కుడు మొదలవక ముందే, కాళ్లు ఇంకా తేలిగ్గా తిరుగుతున్నప్పుడే చిన్న గేరులోకి రండి. మార్చేటప్పుడు ఒక్క క్షణం పెడల్ మీద బలం తగ్గించండి. అయినా చాతకాకపోతే దిగి నడవండి. అడవి పక్కన సైకిల్ నడిపించుకుంటూ పోతే చెట్లూ పిట్టలూ ఇంకా బాగా కనపడతాయి. నేను ఇప్పటికీ చివరి మలుపు నడిచే ఎక్కుతాను.

రాత్రికి కొండ మీద పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకోండి. పొద్దున్నే అనంత పద్మనాభస్వామి గుడికి వెళ్లి రండి. ఓపిక మిగిలితే కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లు చూసి రావచ్చు. మీ ఆవిడకు అలసటగా ఉంటే మాత్రం అది మరోసారికి ఉంచండి. ఇద్దరూ కలిసి తొక్కేటప్పుడు, ఆ రోజు ఎవరికి ఓపిక తక్కువగా ఉంటే వాళ్ల వేగమే ఇద్దరి వేగం.

నేను వారానికి 200 కిలోమీటర్లు తొక్కుతాను. విశాఖ నుంచి అరకు ఒక్క రోజులో ఎక్కాలని ఉంది.
– ఒక పాఠకురాలు, గాజువాక

ఎక్కగలవు తల్లీ. దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా నీకు లెక్క కాదు. అక్కడ కడుపునిండా కాదు గానీ గట్టిగానే తిను, రెండు బాటిళ్లూ నింపుకో. ఆ తర్వాత ఘాట్ మొదలైతే గాలికొండ దాకా ఎక్కుతూనే ఉండాలి.

నాకు భయమంతా దిగేటప్పుడే. మర్నాడు ఉదయం పొగమంచు ఉంటుంది, రోడ్డు తడిగా ఉంటుంది. బ్రేకు ఒక్కటే పట్టుకుని ఉండిపోకు, రెండూ వాడు. పట్టు, వదులు, మళ్లీ పట్టు. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులైతే మధ్యమధ్య ఆగి రిమ్ములు చల్లారనివ్వు. మలుపుల్లో బస్సులు రోడ్డంతా తీసుకుంటాయి కాబట్టి ఎడమ అంచు వదలకు. ఆ ఘాట్ దారిలోని అనంతగిరి (పైన చెప్పిన వికారాబాద్ అనంతగిరి కాదు) కాఫీ తోటల దగ్గర ఆగి కాఫీ తాగు, చేతులకు కాస్త విశ్రాంతి.

గేర్లు లేని పాత సైకిల్‌తో టూరు చేయొచ్చా? డబ్బు లేదు, వయసు 19.
– ఒక విద్యార్థి, రావులపాలెం

నువ్వు ఉన్నదే కోనసీమలో నాన్నా, నీకు గేర్లెందుకు? కాలవ గట్టు పట్టుకుని కొత్తపేట, అమలాపురం మీదుగా అంతర్వేదికి వెళ్లు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు దాకా దారి పొడుగునా కొబ్బరి చెట్ల నీడే. ఎక్కుడంటూ ఉంటే వంతెనల మీదే. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురొస్తుంది కాబట్టి పదకొండులోపే చేరిపో. రాత్రి పడుకోవడానికి ఏ ఊళ్లో ఎవరున్నారో ముందే అమ్మతో ఫోన్ చేయించు. సంచిలో పంపు, పంక్చర్ సామాను, వెనక చక్రం నట్లకు సరిపోయే పానా పెట్టుకో. బయల్దేరే ముందు రోజు ఆ చక్రాన్ని ఒకసారి నువ్వే విప్పి, నువ్వే బిగించి చూడు.