పోగు, రేణువు, కణం: ‘నిర్విషీకరణ’ అన్నిచోట్లా చెల్లుతుందా?

సందేహం: విజ్ఞానశాస్త్ర వ్యాసం ఒకటి రాస్తూ “ఆస్బెస్టాస్ ధూళి కణాలు ఊపిరితిత్తుల కణాల్లోకి చేరి, ఆ కణాలు విష రసాయనాలను నిర్విషీకరణ చేసే శక్తిని దెబ్బతీస్తాయి” అన్నాను. ఏ కణం ఏదో తెలియడం లేదని ఒక మిత్రుడు, ‘నిర్విషీకరణ’ ఇక్కడ పొసగదని మరొకరు అన్నారు. ఈ వాక్యాన్ని ఎలా దిద్దుకోవాలి?

సమాధానం: మీ మిత్రులిద్దరి అభ్యంతరాలూ సరైనవే. సంస్కృతంలో కణమంటే గింజ, నలుసు అని అర్థం. కణాద మహర్షి పేరులో ఉన్నది ఆ మాటే. మన పాఠ్యపుస్తకాలు దానినే భౌతికశాస్త్రంలో అతి సూక్ష్మమైన ద్రవ్యభాగానికి, జీవశాస్త్రంలో ప్రాణి దేహానికి మూలమైన విభాగానికి కూడా వాడుకున్నాయి. విడివిడిగా ధూళికణం, జీవకణం రెండూ నిర్దుష్టమే కాని, ధూళి వెళ్లి జీవకణంలో చేరే సంగతి చెప్పే వాక్యంలో రెండూ ఎదురుపడితే చదువరి తికమకపడక తప్పదు. ఇటువంటి చోట కణం అనే మాటను జీవశాస్త్రానికి వదిలిపెట్టడం మేలు, ఎందుకంటే అక్కడ దానికి బదులు పలికే మాట మరొకటి స్థిరపడలేదు. ధూళికి ఆ కొరత లేదు.

పలుగురాయి పొడి వంటి సిలికా ధూళికి ‘రేణువు’ చక్కగా సరిపోతుంది. ఆస్బెస్టాస్‌కు అది కూడా చాలదు, అక్కడ ‘పోగు’ అనాలి. తెలుగులో దీనికి రాతినార అనే పేరున్నదే అది నారలా పోగులుగా విడిపోతుంది కాబట్టి. పైగా, దాని కీడు చాలావరకు ఆ ఆకారంలోనే ఉంది. ఊపిరితిత్తుల్లో చేరిన బయటి వస్తువులను మింగి తొలగించే భక్షకకణం మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్న రేణువును సులువుగా మింగగలదు గాని, అంతకు ఇరవై రెట్లు పొడవున్న పోగును పూర్తిగా మింగలేక, సగం మింగిన స్థితిలోనే తనలోని వాపు పుట్టించే రసాయనాలను చుట్టూ వెదజల్లుతుంది. రేణువు అని రాస్తే ఈ సంగతి మరుగున పడిపోతుంది. ఆస్బెస్టాస్ కలిపి చేసి ఇళ్లపై కప్పే రేకులను జనం సిమెంటు రేకులనే అంటారు కనుక, మీ వ్యాసం వారికి చేరాలనుకుంటే ఆ మాట కూడా ఒకసారి ప్రస్తావించండి.

ఇక అసలు చిక్కు నిర్విషీకరణ. శుద్ధీకరణ, ఘనీకరణ వంటి మాటల్లో కనిపించే ఆ ఈకారాన్ని వ్యాకరణం ‘అభూత తద్భావం’ అనే అర్థంలో చెబుతుంది, అంటే అంతకుముందు అలా లేనిది అలా కావడం. కాబట్టి నిర్విషీకరణ అనగానే, విషం ఉన్నది విషం లేనిదైపోయిందని ఫలితాన్ని కూడా చెప్పేసినట్టే. కణంలో జరిగేది ఎప్పుడూ అది కాదు. పొగాకు పొగలో ఉండే, క్యాన్సరు కలిగించే బెంజోపైరీన్ అనే రసాయనాన్ని చూడండి. అది ఉన్నపళంగా డీఎన్‌ఏను గట్టిగా అంటుకోలేదు. దానిని నీటిలో కరిగేలా చేసి బయటికి పంపాలని కణంలోని సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైములు ఆక్సిజన్‌ను జతచేస్తాయి. ఆ క్రమంలోనే డీఎన్‌ఏను పట్టుకొని వదలని ఎపాక్సైడు అనే చురుకైన రసాయనం ఒకటి పుడుతుంది. అంటే ఈ మెట్టు మీద జరిగింది విషీకరణ. తర్వాత కణంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దానికి అతుక్కొని కొంతవరకు నిరపాయం చేస్తుంది.

రాతినార ఈ రెండు మెట్ల మీదా ప్రభావం చూపుతుంది. బెంజోపైరీన్ పోగు ఉపరితలానికి అంటుకొని దానితోపాటు కణంలోకి వెళ్తుంది. నీలి, గోధుమ రంగు ఆస్బెస్టాస్‌లలోని ఇనుము వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్‌ను (కణానికి హాని చేసే అతి చురుకైన అణువులను) అణచడానికి గ్లూటాథయోన్ ఖర్చవుతుంది. ఖనిజ ధూళుల వల్ల పీ450 ఎంజైముల పని కూడా మారుతుందని ప్రయోగాలు చూపాయి. ఆ పని తగ్గితే లాభమా నష్టమా అన్నది ఏ రసాయనం, ఏ మెట్టు అన్నదానిని బట్టి ఉంటుంది. “నిర్విషీకరణ దెబ్బతింది” అంటే ఆ తీర్పు మీరే ముందుగా ఇచ్చినట్లవుతుంది.

మాట పట్టింపు అనుకోకండి, విషయం అంత తేలికైనది కాదు. అమెరికా, కెనడాల్లో ఉష్ణనిరోధక పూత పనివారిపై 1979లో వెలువడిన లెక్కల్లో, పొగ తాగనివారూ ఆస్బెస్టాస్ సోకనివారూ అయిన వారితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు ఆస్బెస్టాస్ ఒక్కటే సోకినవారిలో సుమారు 5 రెట్లు, పొగ మాత్రమే తాగేవారిలో 11 రెట్లు, రెండూ ఉన్నవారిలో 53 రెట్లు. దీనికి చెప్పే కారణాలు అనేకం, వాటిలో కణంలో జరిగే ఈ మార్పులు ఒకటి. (ఇక్కడ ‘5 రెట్లు ఎక్కువ’ అనకూడదు, అది 6 రెట్లనే అర్థానికి దారితీస్తుంది.)

కాబట్టి ఫలితాన్ని ముందే చెప్పని ‘రూపాంతరం’ వాడుకొని ఇలా దిద్దండి: “ఆస్బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల కణాల్లో చేరినప్పుడు, విష రసాయనాలు ఆ కణాల్లో రూపాంతరం చెందే తీరు మారుతుంది.” గ్లూటాథయోన్ చేసే పని గురించి వేరుగా రాసే చోట మాత్రం నిర్విషీకరణ అనే మాటనే నిశ్చింతగా వాడవచ్చు. అక్కడ కూడా ‘నిర్విషీకరణ చేసే’ కంటే ‘నిర్విషీకరించే’ అంటే వాక్యం బిగువుగా ఉంటుంది.