సొమ్ము–సందేహం: హాస్టలు పేరున ఆస్పత్రి బాండా?

ప్రశ్న: సార్, మావాడు న్యూయార్క్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఏదో ఆస్పత్రి కట్టడానికి వేసిన బాండ్లంట, కొన్నాడు, వడ్డీ మీద టాక్స్ లేదంటున్నాడు. కాగితం వాట్సాప్‌లో పెడితే చూశా, పైన పెద్దక్షరాలతో డార్మిటరీ అథారిటీ అని ఉంది. హాస్టళ్ళ వాళ్ళకీ ఆస్పత్రికీ ఏం సంబంధం? గవర్నమెంటుదే కాబట్టి భయం లేదనుకోవచ్చా?
– రిటైర్డ్ లెక్చరర్, కావలి

జవాబు: మాస్టారూ, పేరు చూసి అనుమానం రావడం సహజమే గానీ ఆ సంస్థ నిజమైందే. న్యూయార్క్ రాష్ట్రం 1944లో టీచర్ ట్రైనింగ్ కాలేజీలకి హాస్టళ్ళు కట్టించడానికి దాన్ని పెట్టింది, తర్వాత యూనివర్సిటీలు, ఆస్పత్రులు ఒక్కొక్కటీ దానికిందకి వచ్చాయి, పేరు మాత్రం అట్టాగే ఉండిపోయింది. చాలా రాష్ట్రాల్లో ఇట్టాంటి అథారిటీలు ఉన్నాయి.

మీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. ట్రస్టు ఆస్పత్రికి కొత్త బ్లాకు కట్టుకోవాలనుకోండి, అథారిటీ తన పేరుతో బాండ్లు, అంటే అప్పు పత్రాలు వేసి, వచ్చిన డబ్బు ఆస్పత్రికి అప్పుగా ఇస్తుంది, ఆస్పత్రి పేషెంట్ల బిల్లుల మీద, ఇన్సూరెన్సు మీద వచ్చే ఆదాయంలోంచి కడుతుంది, మధ్యలో ట్రస్టీగా ఉన్న బ్యాంకు ఆ డబ్బు తీసుకుని మీవాడి లాంటోళ్ళకి పంచుతుంది. ఆస్పత్రి కట్టకపోతే అథారిటీ తన జేబులోంచి కట్టదు, రాష్ట్రమూ కట్టదు. మన ప్రోనోటు మీద సాక్షి సంతకం ఉంటుంది చూడండి, బాండు మీద అథారిటీ పేరు అట్టాంటిది, హామీ సంతకం కాదు. ఇంకో మెలిక ఏందంటే అదే అథారిటీ రాష్ట్రమే కట్టే బాండ్లు కూడా వేస్తుంది, కాబట్టి పైనున్న పేరు చూస్తే ఏమీ తెలీదు, లోపల "ఎవరు కడతారు" అన్న పేజీ తీసి చదవమనండి.

మరి అథారిటీ ఎందుకు మధ్యలో అంటే టాక్స్ కోసమే. ఆ వడ్డీకి అక్కడి సెంట్రల్ గవర్నమెంటు ఇన్‌కమ్ టాక్స్ లేదు. టాక్స్ ఉండే బాండు 5 శాతం ఇస్తే 32 శాతం స్లాబులో ఉన్నోడి చేతికి మిగిలేది 3.4, టాక్స్ లేని బాండు 4 ఇచ్చినా వాడికి లాభమే, ఆస్పత్రికి ఒక శాతం వడ్డీ కలిసొచ్చింది, ఆ తేడా భరించేది అక్కడి ఖజానా.

ఇట్టాంటి ఆస్పత్రులు మునగవా అంటే మునుగుతాయి. 1998లో పెన్సిల్వేనియాలో అలెఘేనీ అనే పెద్ద ఆస్పత్రుల ట్రస్టు, దానికింద మెడికల్ యూనివర్సిటీ కూడా ఉండేది, దాదాపు 130 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా తీసింది. ఆస్పత్రి కట్టకపోతే ఇన్సూరెన్సు కంపెనీ కట్టే బాండ్లు ఉన్నవాళ్ళు తప్పించుకున్నారు, లేనోళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు.

అన్నట్టు మీవాడు ఎప్పటికైనా కావలికే వచ్చేస్తాడా? వస్తే, విదేశాల నుంచి తిరిగొచ్చినోళ్ళకి ఇన్‌కమ్ టాక్స్‌లో ఉండే ఆర్‌ఎన్‌ఓఆర్ అనే హోదా ఉన్న మొదటి కొన్నాళ్ళు గడిచాక, ఆ వడ్డీ ఇక్కడ మామూలు ఆదాయం కింద లెక్కే, అక్కడ మాఫీ అని ఇక్కడ మాఫీ కాదు.

ప్రశ్న: మా మార్కాపురం మెడికల్ కాలేజీ సగంలో ఉండగానే పీపీపీ, అంటే ప్రైవేటు భాగస్వామ్యం అన్నారు. అమెరికాలో లాగా బాండ్లేసి జనం దగ్గరే తీసుకోవచ్చుగా, మేమే ఇస్తాం కదా?
– మార్కాపురం నుంచి ఒక డిగ్రీ స్టూడెంటు

జవాబు: ఇస్తావు సరే, నీకు తిరిగి ఎవరు కడతారమ్మా? అక్కడ పేషెంటు బిల్లు కడతాడు కాబట్టి బాండుకి కాళ్ళున్నాయి. మన సర్కారు ఆస్పత్రిలో ఓపీ చీటీ దగ్గర్నుంచి మందుల దాకా ఉచితం, ఉండాల్సిందే కూడా, అయితే ఆ కాలేజీ పేరుతో బాండు వేసినా చివరికి కట్టేది రాష్ట్ర ఖజానానే, అంటే పేరు మార్చిన రాష్ట్ర అప్పు. అంత మాత్రానికి పీపీపీనే దిక్కు అని కాదు నేననేది, రాష్ట్రం ఎట్టాగూ రిజర్వు బ్యాంకు వేలంలో అప్పు తెస్తూనే ఉంటుంది, దేనికి ముందు ఖర్చు పెట్టాలనేదే గొడవ.

సెంటర్లో హెఫా అని ఒకటుంది, 2017లో విద్యాశాఖ, కెనరా బ్యాంకు కలిసి పెట్టాయి, ఐఐటీల్లాంటి కేంద్ర విద్యాసంస్థల బిల్డింగులకి, ల్యాబులకి అప్పులిస్తుంది. రాష్ట్రం కాలేజీలకి ఆ తలుపు తెరుచుకోలేదు. మన దగ్గర జనం పేరు విన్న బాండ్లంటే 2018లో విశాఖ కార్పొరేషన్ వేసిన 80 కోట్లు, అదే ఏడు అమరావతి కోసం సీఆర్‌డీఏ 10.32 శాతానికి తెచ్చిన 2000 కోట్లు. ఆ రేటు చూసి అప్పట్లో ఎంత రచ్చ అయిందో మీ నాన్నని అడుగు.

ప్రశ్న: ఒంగోలు దగ్గర పల్లె మాది. పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చాయని తెలిసి ఒకాయన తిరుగుతున్నాడు, కొత్త ఆస్పత్రికి 'బిల్డింగు బాండు', రూపాయి పావలా వడ్డీ, ఇంటిల్లిపాదికీ హెల్త్ కార్డు ఫ్రీ అంట. మా బావమరిది లక్ష ఇచ్చేశాడు, నేను ఆగా.
– ఒక రైతు

జవాబు: ఆగడం మంచిదైంది. రూపాయి పావలా అంటే ఏడాదికి 15 శాతం, బ్యాంకు తక్కువకే అప్పిచ్చే ఆస్పత్రికి మీ గడపకి రావాల్సిన పనేంది?

మా మేనమామ కూడా ఒకప్పుడు ఇట్టాగే ఒక ఆస్పత్రికి రెండు లక్షలిచ్చాడు. దళసరి కాగితం, చుట్టూ బంగారు రంగు బోర్డరు, రౌండు సీలు, పైన బాండు అని ఇంగ్లీషులో. వడ్డీ ఏడు నెలలు వచ్చి ఆగింది. లాయరు దాన్ని వెలుగుకి పట్టి చూసి "ఇందులో కంపెనీ నంబరు లేదు, ట్రస్టీ లేడు, సంతకం మేనేజరుది" అన్నాడు. అసలు బాండైతే షేర్లు, బాండ్లు దాచుకునే మీ డీమ్యాట్ అకౌంట్లో పడాలి, ఐఎస్ఐఎన్ అని పన్నెండు అక్షరాల నంబరుంటుంది, రేటింగుంటుంది, బాండు కొన్నోళ్ళ తరఫున నిలబడే డిబెంచర్ ట్రస్టీ పేరుంటుంది. అన్నీ ఉన్నా బ్యాంకు డిపాజిట్‌కి ఉండే 5 లక్షల ఇన్సూరెన్సు దీనికి ఉండదు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు పోగుచేయడం 2019 చట్టం ప్రకారం నేరం, మీ దగ్గరికొచ్చినాయన్ని ఆ ఐఎస్ఐఎన్ నంబరు అడిగి చూడండి, మళ్ళీ మీ వీధికి రాడు.

మీ బావమరిది దగ్గరున్న కాగితం ప్రోనోటైతే తేదీ చూసుకోమనండి, మూడేళ్ళు దాటకముందే తిరగరాయించుకోవాలి, ఉత్త రశీదైతే మాత్రం ఈ వారమే పోలీస్ స్టేషన్‌కి పట్టుకుని వెళ్ళమనండి.