టెక్ సందేహాలు: పాత గోస్పెల్ పాటకు ఇంట్లోనే ట్రాక్

ప్రశ్న: మా చర్చి క్వయర్ ఈ క్రిస్మస్‌కి ‘ఓ హ్యాపీ డే’ పాడాలనుకుంటోంది. నెట్‌లో దొరికే కరోకే ట్రాకుల్లో అమెరికన్ గోస్పెల్ (చర్చి పాటల శైలి) సంగీతకారుడు ఎడ్విన్ హాకిన్స్ రికార్డులోని ఊపు లేదు. పైగా ఆ శ్రుతి మా వాళ్లకు అందడం లేదు. నా దగ్గర విండోస్ ల్యాప్‌టాప్, కీబోర్డు, హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఆ వాయిద్యాలను ఇంట్లో చేసుకోగలనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేసుకోగలరు. ఆ రికార్డును 1967లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో, ఒక చర్చిలోనే, రెండు ట్రాకుల టేప్ రికార్డర్ మీద తీశారు. అది దేశదేశాల్లో మోగింది 1969లో. పియానో, బేస్, డ్రమ్స్, గాయకులు అంతా ఒకే చోట ఉన్నారు. ఒక్కో వాయిద్యాన్ని తర్వాత విడిగా సరిదిద్దుకునే వీలే లేదు. అందుకే స్ట్రింగ్స్ (వయొలిన్ల గుంపు ధ్వని), ప్యాడ్స్ (వెనక నిలిచి ఉండే మెత్తటి ధ్వని) అంటూ ముప్పై ట్రాకులు పేర్చకండి. మూడు వాయిద్యాలు బాగా కుదిరితే చాలు.

రికార్డింగ్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌గా రీపర్ తీసుకోండి. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. పియానోకు ‘సాలమాండర్ గ్రాండ్’ అనే ఉచిత శాంపిల్స్ (అసలు వాయిద్యం నుంచి రికార్డు చేసిన స్వరాలు) ఉన్నాయి. యమహా సీ5 పియానోను 16 స్థాయుల బలంతో రికార్డు చేశారు. దాన్ని ‘స్ఫోర్జాండో’ అనే ఉచిత ప్లేయర్లో తెరవండి.

తర్వాత పాటను ‘అల్టిమేట్ వోకల్ రిమూవర్’ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి, అందులోని డెమక్స్ అనే ఏఐ మోడల్‌తో గాత్రం, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగుగా విడదీయండి. అది కూడా ఉచితమే. గది ప్రతిధ్వని కలిసిన పాత రికార్డు కాబట్టి శుభ్రంగా విడిపోదు. పియానోలో గాత్రం నీడలా వినిపిస్తుంది. ఆ ముక్కలు విని నేర్చుకోవడానికే, మీ ట్రాక్‌లో కలపడానికి కాదు. బేస్ స్వరాలు పట్టుకోవడం కష్టంగా ఉంటే ఆ ముక్కను ఒక స్థాయి పైకి, అంటే 12 సెమీటోన్లు పెంచి వినండి. మామూలు ఇయర్‌ఫోన్స్‌లో కూడా స్పష్టంగా తెలుస్తుంది. పాత టేపు కాబట్టి శ్రుతి మీ కీబోర్డుతో సరిగ్గా కలవకపోతే కీబోర్డును మార్చకండి. రీపర్‌లో పాట మీద ఎఫ్2 నొక్కి, పిచ్‌ను 0.1, 0.2 చొప్పున జరుపుతూ కలుపుకోండి.

ఇప్పుడు అసలు విషయం, లయ. అలా అందరూ కలిసి పాడి వాయించిన రికార్డులో వేగం యంత్రంలా ఒక్కలా ఉండదు. మొదటి బీటు దగ్గర వేగానికి ఒక అంకె పెట్టి పాట మొత్తానికి అదే వాడితే నాలుగు లైన్లయ్యేసరికి మీ డ్రమ్స్ ఒకచోట, పాట ఒకచోట ఉంటాయి. ప్రతి నాలుగు బార్లకోసారి (తాళం నాలుగు ఆవృతాలు తిరిగినప్పుడల్లా) వేగాన్ని కొత్తగా గుర్తించండి. ఆ భాగం సెలెక్ట్ చేసుకుని ఇన్సర్ట్ మెనూలోని ‘మెజర్ ఫ్రమ్ టైమ్ సెలెక్షన్’ వాడితే లెక్క అదే వేస్తుంది. ఒక గంట కూర్చోవాలి. ఆ గంట మాత్రం మిగుల్చుకోవద్దు, ఊపంతా అక్కడే ఉంది.

చాలా గోస్పెల్ పాటల్లో బీటు రెండు సమాన సగాలుగా విడిపోదు. మనవాళ్లు ‘తకిట’ అనే తిశ్ర నడకకు దగ్గరగా సాగుతుంది. వాయించింది రీపర్‌లో నూటికి నూరు శాతం క్వాంటైజ్ చేస్తే, అంటే స్వరాలను కచ్చితమైన బీటు గీతల మీదికి లాగేస్తే, ఆ నడక చచ్చిపోతుంది. 40 నుంచి 50 శాతం దగ్గర ఆపండి. ఇంకోటి, చప్పట్లు. మన సంఘాల్లో చాలాచోట్ల 1, 3 దెబ్బల మీద కొడతారు. గోస్పెల్‌లో అవి 2, 4 మీద పడాలి. క్వయర్‌కు పాట కంటే ముందు ఇదే నేర్పండి.

అంతా మిడీలో (ధ్వనిగా కాక, ఏ మీట ఎప్పుడు నొక్కారన్న సమాచారంగా) వాయిస్తారు కాబట్టి శ్రుతి మార్చడం చిటికెలో పని. పియానో, బేస్ స్వరాలన్నీ సెలెక్ట్ చేసి మీకు కావలసినంత దించండి. డ్రమ్స్‌ను మాత్రం కదపకండి. అక్కడ ఒక్కో మీట ఒక్కో డ్రమ్ము కాబట్టి స్నేర్ ఉండాల్సిన చోట ఇంకేదో మోగుతుంది. చివర్లో మూడింటికీ ఒకే రివర్బ్ (గది ప్రతిధ్వని ఎఫెక్ట్) పెట్టండి, అప్పుడే ఒకే గదిలో ఉన్నట్టుంటాయి. క్వయర్‌లో పియానో వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే ట్రాక్‌లోంచి పియానో తీసేయమనే చెబుతాను. ప్రధాన గాయని ఒక మాటను సాగదీస్తే పియానో మీదున్న మనిషి ఆగగలరు, ట్రాక్ ఆగదు.

ప్రశ్న: కీబోర్డులో ఆర్గన్ టోన్ వేస్తే గోస్పెల్ ఆర్గన్‌లా ఉండదు, బొమ్మ కీబోర్డులా ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు కలిపితే మీట నొక్కిన కాసేపటికి శబ్దం వస్తోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గోస్పెల్ పాటల్లో మీరు వింటున్నది 1935లో అమ్మకానికి వచ్చిన హామండ్ ఆర్గన్ల కుటుంబం. దాని ధ్వనిలో సగం గొప్పతనం లెస్లీ స్పీకర్‌ది. అందులో హారన్ గిరగిరా తిరుగుతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 50 చుట్లు, వేగంగా ఉన్నప్పుడు దాదాపు 400. ఆ మార్పు జరిగే రెండు మూడు క్షణాల్లోనే ఒళ్లు పులకరిస్తుంది. ‘సెట్‌బీఫ్రీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆర్గన్, లెస్లీ రెండూ ఉన్నాయి. మొదటి మూడు డ్రాబార్లు (ధ్వని రంగును మార్చే లాగుడు పుల్లలు) పూర్తిగా లాగి మొదలుపెట్టండి, పాట పతాక స్థాయికి వచ్చినప్పుడు మిగతావి కూడా లాగండి. లెస్లీ వేగాన్ని కీబోర్డు ఎడమవైపుండే మాడ్యులేషన్ వీల్‌కు (చక్రానికి) కట్టుకుని, లైను చివర మాత్రమే మార్చండి. హామండ్‌లో మీటను గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే శబ్దం. హెచ్చుతగ్గులన్నీ పాదం కింది పెడల్‌తోనే.

ఆలస్యానికి కారణం విండోస్ మామూలు ఆడియో డ్రైవర్. ఏసియో4ఆల్ అనే ఆడియో డ్రైవర్ వేసుకుని బఫర్ (ధ్వనిని పంపే ముందు పోగుచేసుకునే పరిమాణం) 128 పెట్టండి. 48 కిలోహెర్ట్జ్ వద్ద అది 2.7 మిల్లీసెకన్లే. 1024 ఉంటే 21 దాటుతుంది. చిటపటలు వస్తే 256కు పెంచండి.

ప్రశ్న: ఇలా చేసిన ట్రాక్‌తో పాడిన వీడియోను యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ సమస్య వస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రావచ్చు. ‘ఓ హ్యాపీ డే’నే తీసుకుంటే దాని మూలం 18వ శతాబ్దపు కీర్తన, దానిపై హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. హాకిన్స్ కూర్చిన పద్ధతి మాత్రం వేరే రచన. ఆరాధనలో పాడుకోవడానికి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. వీడియో అప్‌లోడ్‌కు అది వర్తిస్తుందనుకోకండి. హక్కుదారు నుంచి క్లెయిమ్ వస్తే టెన్షన్ పడొద్దు, అది చానల్‌కు హెచ్చరికగా పడే ‘స్ట్రైక్’ కాదు. చాలాసార్లు ప్రకటనల ఆదాయం హక్కుదారుకు వెళ్తుంది, వీడియో అలాగే ఉంటుంది. పాత రికార్డు నుంచి విడదీసిన ముక్క ఒక్కటి కూడా అందులో లేకుండా మాత్రం చూసుకోండి.