ఆ పిల్లకు కప్పు ఇవ్వకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. ఆటల పీరియడ్ అంటేనే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల, ఎప్పుడూ బొమ్మలు వేసుకుంటూ కూర్చునే పిల్ల, వైజాగ్ నేవీ మారథాన్‌లో 5 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చింది. వాళ్లమ్మ బీచ్ రోడ్డు పక్కన నిలబడి చూస్తోంది. ఇంత మంచి సన్నివేశం పెట్టుకుని, చివర్లో ఆ పిల్ల చేత అందరినీ దాటించి కప్పు ఇప్పించావు. అది తీసెయ్యమ్మా.

గెలుపు గురించి రాయకూడదని కాదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో ఆసియా అథ్లెటిక్స్ 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది, మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. దాని వెనక ఏళ్ల సాధన ఉంది, ఆమెను చూసి పొంగిపోవడానికి ఊరంతా ఉంది. నీ కథలో పిల్లను చూసి పొంగిపోయే మనిషి ఆ రోడ్డు మీద ఒక్కతే. ఆ ఒక్కతె ఏం చూసిందో చెప్పడానికే నువ్వు కావాలి.

ముందు ఆ పిల్లను నిజంగా పరిగెత్తించు. అలవాటు లేనివాళ్లు మొదట్లోనే ఊపిరంతా ఖర్చు పెట్టేస్తారు. కాళీమాత గుడి దగ్గర దూసుకుపోయిన పిల్ల కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దాటేసరికి డొక్క పట్టుకుంటుంది. మన సముద్రపు గాలిలో తేమకి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మొహం కందగడ్డవుతుంది. నడుస్తుంది. తనకంటే చిన్నవాడెవడో దాటిపోతాడు. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, నడక మళ్లీ పరుగవుతుంది. అక్కడ నిదానంగా రాయి. తల్లి చూసింది అదే.

ఇక తల్లి. కూతుర్ని పిలవబోయి ఆగిపోయిందని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకైతే కథంతా అక్కడే ఉంది. ‘చాల్లేమ్మా, వచ్చెయ్’ అనాలని ఆమె ప్రాణం కొట్టుకుంటుంది. అంటే ఆ పిల్ల వచ్చేస్తుంది కూడా. జ్వరమొస్తుందని, పడిపోతావని, ఎండలో నీకెందుకని ఇన్నాళ్లూ అలా వెనక్కి పిలుస్తూనే పెంచింది. ఇవాళ పిలవకుండా నిలబడటం ఆమెకెంత కష్టమో ఒక పేజీ రాయి. ఎక్కువేం కాదు.

కన్నీళ్లు పెట్టించకు. పెదవాల్తేరులో పుట్టి పెరిగిన మనిషి ‘నిన్ను చూసి గర్విస్తున్నాను తల్లీ’ అనదు. బూట్ల లేసులు విప్పుతూ ‘ఏటే, కాళ్లు లాగేస్తున్నాయా?’ అంటుంది. రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి మాత్రం ‘మొత్తం పరిగెట్టిందే, ఎక్కడా ఆగలేదు’ అని చెబుతుంది. నడిచిన సంగతి ఎత్తదు. ఆ చిన్న అబద్ధం మీద నాకు చాలా ప్రేమ. కావాలంటే వాడుకో.

తిరగరాసే ముందు ఒకరోజు తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వెళ్లు. ఆ వేళ బళ్లు ఆపేస్తారు, తీరిగ్గా చూడొచ్చు. వేగంగా వెళ్లేవాళ్లను వదిలెయ్. వెనకబడ్డ పిల్లల్ని, వాళ్లకోసం నడక తగ్గించుకునే పెద్దల్ని చూడు. రాశాక నాకు పంపు, తొందరేం లేదు.