టెక్ సందేహాలు: పాత ఫోటోలు కనిపిస్తున్నాయి, కొత్తవి ఎక్కడం లేదు

ప్రశ్న: మాది బరంపురం. నాన్నగారు, బాబాయి నేసే పట్టుచీరల కోసం వర్డ్‌ప్రెస్‌లో సైటు నడుపుతున్నాం. ఈమధ్య దాన్ని ఉబుంటు (ఒక రకం లైనక్స్) సర్వర్‌కు మార్చాను. పాత ఫోటోలు బాగానే కనిపిస్తున్నాయి. కొత్తది పెడితే మాత్రం ‘ఫోల్డర్‌ను సృష్టించలేకపోయాం, దాని పై ఫోల్డర్‌లో రాసే వీలు సర్వర్‌కు ఉందా?’ అని వస్తోంది. స్నేహితుడు ఫోల్డరు అనుమతులు 777 పెట్టేయమంటున్నాడు. కార్తీకం పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయి. పెట్టేయమంటారా?

జవాబు: వద్దండి. తొందర అర్థమవుతోంది కానీ, 777 అవసరం మీకు లేదు. అసలు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. పాతవి కనిపిస్తున్నాయంటే చదవడానికి అనుమతి ఉంది. కొత్తవి చేరడం లేదంటే రాయడానికి లేదు.

సైటును మార్చేటప్పుడు మీరు రూట్‌గా, అంటే సర్వర్‌పై పూర్తి అధికారం ఉన్న యూజర్‌గా, లాగిన్ అయి ఫైళ్లు కాపీ చేసి ఉంటారు. దాంతో అవన్నీ రూట్ సొత్తు అయిపోయాయి. బ్రౌజర్ నుంచి పంపిన ఫోటోను సర్వర్‌లో దాచేది మాత్రం వర్డ్‌ప్రెస్‌ను నడిపే పీహెచ్‌పీ. ఉబుంటులో అది మామూలుగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (www-data) అనే యూజర్ పేరుతో నడుస్తుంది. పైగా వర్డ్‌ప్రెస్ ఫోటోలను ఏడాదికో ఫోల్డరు, అందులో నెలకో ఫోల్డరు చొప్పున సర్దుతుంది. నెల మారాక మొదటి ఫోటో రాగానే ముందు ఆ నెల ఫోల్డరు తయారుకావాలి. మీ పని అక్కడే ఆగింది. అందుకే సందేశంలో ఫోటో మాట లేదు, ఫోల్డరు గురించే ఉంది.

సర్వర్‌లోకి లాగిన్ అయి, డబ్ల్యూపీ-కంటెంట్ (wp-content) ఫోల్డరులోకి వెళ్లి ‘ఎల్ఎస్ -ఎల్’ (ls -l) కొట్టండి. ఫోటోలుండే అప్‌లోడ్స్ (uploads) ఫోల్డరు వరుసలో ‘రూట్ రూట్’ అని ఉంటే నిర్ధారణ అయినట్టే. అప్పుడు యజమానిని మార్చే చౌన్ (chown) ఆజ్ఞతో ఆ ఒక్క ఫోల్డరును, దాని లోపలి వాటితో సహా, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాకు అప్పగించండి. లోపలి వాటికీ వర్తించాలంటే ఆజ్ఞకు పెద్ద అక్షరంలో ‘ఆర్’ (-R) జతచేయాలి. సైటు మొత్తాన్నీ ఇలా అప్పగించకండి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైలును పీహెచ్‌పీ చదివితే చాలు, మార్చే హక్కు దానికి అక్కరలేదు.

తర్వాత అనుమతుల అంకెలు సరిచూడండి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఇచ్చిన హక్కులను కూడితే ఒక్కో అంకె వస్తుంది. మొదటి అంకె యజమానిది, రెండోది గ్రూపుది, మూడోది మిగతా అందరిదీ. ఫోల్డర్లకు 755, ఫోటోలకు 644 ఉండాలి. ఫోల్డరు విషయంలో ఆ 1కి అర్థం లోపలికి వెళ్లే హక్కు అని. అది లేకపోతే లోపలి ఫోటో అనుమతులు ఎంత బాగున్నా అందదు. అన్నిటికీ ఒకేసారి 755 కొట్టేస్తే ఫోటోలు కూడా నడపదగిన ఫైళ్లయిపోతాయి. ఫైండ్ (find) ఆజ్ఞతో ఫోల్డర్లను, ఫైళ్లను వేరుచేసి, అనుమతులు మార్చే చ్‌మాడ్ (chmod) ఆజ్ఞ ఇవ్వండి.

777 అంటే ఆ సర్వర్‌లో ఉన్న ప్రతి యూజరూ, ప్రతి ప్రోగ్రామూ అందులో ఏదైనా రాయవచ్చు, చెరపవచ్చు. ఫోటో పేరుతో ఎవరైనా ఒక పీహెచ్‌పీ ఫైలు వదిలితే చాలు, సైటు వాళ్ల చేతికి పోతుంది. పెళ్లిళ్ల సీజనులో కొనుగోలుదారు మీ చీర చూడబోయి మరెక్కడో తేలితే పోయిన నమ్మకం మళ్లీ రాదు. అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ నడవకుండా వెబ్ సర్వర్ సెట్టింగుల్లో ఆపేయండి. అనుమతులు సరిగా ఉన్నా ఈ జాగ్రత్త అవసరమే.

అంతా సరిచేశాక కూడా పెద్ద ఫోటోలు మాత్రమే ఆగిపోతే అది అనుమతుల గొడవ కాదు. అంచు మీది కుంభాలు ఒక్కొక్కటీ తేటగా కనిపించాలని మీరు ఫోనులో పూర్తి నాణ్యతతో తీస్తారు కదా, అలాంటి ఫోటో 5 ఎంబీ దాటడం మామూలే. పీహెచ్‌పీ సహజంగా 2 ఎంబీ దాటిన ఫైలును ఒప్పుకోదు. మీ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్ (nginx) అయితే 1 ఎంబీ దగ్గరే 413 అనే లోపం చూపి ఆపేస్తుంది. రెండు పరిమితులూ పెంచాలి.

ప్రశ్న: పర్లాకిమిడిలో మా మామయ్య కొమ్ముతో బొమ్మలు చేస్తారు. ఎఫ్‌టీపీతో (ఫైళ్లను సర్వర్‌కు పంపే పద్ధతి) పంపిన ఫోటోలు సర్వర్‌లో ఉన్నాయి, సైటులో మాత్రం కొన్నిటికి 403 (అనుమతి లేదు), కొన్నిటికి 404 (దొరకలేదు) వస్తోంది.

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. 403 వచ్చినవాటి అనుమతులు 600గా ఉండి ఉంటాయి, అంటే యజమాని తప్ప ఎవరూ చదవలేరు. ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేసి 644కు మార్చండి. 404 వచ్చినవాటి పేర్లు చూడండి. కెమెరా చాలాసార్లు జేపీజీ అనే తోకను పెద్ద అక్షరాల్లో పెడుతుంది, మీరు పేజీలో చిన్న అక్షరాలతో రాసి ఉంటారు. విండోస్‌కు రెండూ ఒకటే, లైనక్స్‌కు వేర్వేరు ఫైళ్లు. పంపేముందే పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చుకోండి, మధ్యలో ఖాళీలు వదలకండి.