బాలింతల షెల్టర్‌కు సాయంగా వెళ్తున్న నీకు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిలువ నీడలేని బాలింతలూ వాళ్ళ పసివాళ్ళూ ఉండే షెల్టర్‌కు సాయం చేస్తానని రాశావు. చాలా సంతోషించాను. అలాంటి చోట చాలా ఏళ్ళు పనిచేసిన దాన్ని కాబట్టి ముందుగా ఒక మాట. వెళ్ళినవాళ్ళందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది. నువ్వు తల్లిని చూడు. ఆమె కడుపు నిండి, కాస్త కునుకు పట్టి, రేపెక్కడ ఉండాలన్న దిగులు తగ్గితే బిడ్డ సంగతి ఆమే చూసుకుంటుంది.

ఏదైనా కొనేముందు ఫోన్ చేసి ఏం కావాలో అడుగు. అడగకపోతే అందరూ తెచ్చే బుల్లి గౌన్లే నువ్వూ తెస్తావు. అవి కొద్ది వారాల్లోనే బిగుతైపోతాయి. డైపర్లు రోజుకు పది దాకా అవుతాయి. బాలింతకు ప్యాడ్లు కావాలని మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కాన్పయ్యాక రక్తస్రావం ఆరు వారాల దాకా ఉండొచ్చు. డబ్బు ఇవ్వడానికి మొహమాటపడకు. కరెంటు బిల్లు, రాత్రిపూట ఉండే ఆయా జీతం బట్టలతో తీరవు కదా. ఎప్పుడో ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా తప్పకుండా వచ్చే కొద్దిపాటి డబ్బు వాళ్ళకు ఎక్కువ ఆసరా.

పాలపొడి డబ్బాలు నీ అంతట నువ్వు పట్టుకెళ్ళకు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలిసిపోయిన తల్లికి డబ్బా అందుబాటులో ఉంటే చెయ్యి అటే పోతుంది. బిడ్డ రొమ్ము తాగడం తగ్గేకొద్దీ పాలూ తగ్గుతాయి, ఆ డబ్బా అయిపోయాక ఇంకొకటి కొనే స్తోమత ఆమెకు ఉండదు. పైగా పొడి కలిపే నీళ్ళు 70 డిగ్రీలకు తగ్గని వేడి మీద ఉండాలి, కలిపాక చల్లార్చి పట్టాలి, సీసా ప్రతిసారీ మరిగించాలి. పదిమంది వాడుకునే వంటగదిలో అర్ధరాత్రి అదంతా ఎలా కుదురుతుంది? అయినా పాలు ఇవ్వలేని తల్లులూ ఉంటారు. వాళ్ళను ఒక్క మాట కూడా అనొద్దు. ఏ పాలపొడి కావాలో నర్సును అడిగి, అదే కొనివ్వు.

జలుబో దగ్గో ఉంటే ఆ రోజు మానెయ్యి. పెద్దవాళ్ళకు మామూలు దగ్గులా అనిపించే కోరింత దగ్గు నెలల బిడ్డకు ప్రాణాంతకం. చేతులు సబ్బుతో కడుక్కో, తల్లి అందిస్తేనే ఎత్తుకో, ముద్దు పెట్టకు. ఫోటో అసలే తీయకు. దెబ్బలు తప్పించుకుని వచ్చి అక్కడ తలదాచుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళను కొట్టినవాళ్ళు ఫోటోలో వెనక కనిపించే గోడ చూసి కూడా చోటు ఆనవాలు పట్టేస్తారు.

తల్లి స్నానం చేసి వచ్చేదాకా ఆమె పెద్దపిల్లాడిని ఆడించు. జనన ధ్రువపత్రానికి, ఇంటి దరఖాస్తుకు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తే తోడు వెళ్ళు. టీకా తేదీ గుర్తు చెయ్యి. తండ్రి ఉంటే అతన్ని పక్కన పెట్టి మాట్లాడకు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను తండ్రి కూడా గుండెలకు ఆనించుకుని వెచ్చగా ఉంచగలడు, ఎలాగో నర్సు చూపిస్తుంది.

ఇలా ఎందుకు జరిగిందని మాత్రం ఎవరినీ అడగకు. వాళ్ళే చెప్తే విను. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తేరుకోకపోతే, బిడ్డ ముఖం చూడటానికే ఇష్టపడకపోతే షెల్టర్ వాళ్ళతో చెప్పు. చచ్చిపోవాలని ఉందన్న మాట నోట వస్తే ఆ క్షణమే చెప్పు, ఆమెను ఒంటరిగా వదలకు.

వారానికి రెండు గంటలతో మొదలుపెట్టు. వస్తానన్న రోజు తప్పకు. కుదరకపోతే ముందురోజే కబురు పెట్టు, నిన్ను నమ్ముకుని ఆమె ఏ ఆసుపత్రి పనో పెట్టుకుని ఉంటుంది. ఇల్లు దొరికి వెళ్ళిపోయిన కుటుంబానికి మొదటి నెల మహా కష్టం, అప్పటిదాకా చుట్టూ ఉన్న మనుషులు ఒక్కసారిగా ఉండరు. వాళ్ళకు ఇష్టమైతే, షెల్టర్ వాళ్ళు సరేనంటే, అక్కడికి కూడా వెళ్ళి రా.

ఉంటాను,
పెద్దమ్మ